సోంగ్ కుల్ సరస్సుకు గుర్రంపై నాలుగు రోజులు: ఎలా సిద్ధం కావాలి, ఎలా సాగాలి

కిర్గిజ్‌స్తాన్‌లోని నరిన్ ప్రాంతంలో, సముద్రమట్టానికి 3,016 మీటర్ల ఎత్తున, సోంగ్ కుల్ అనే సరస్సు ఉంది. దాని పొడవు సుమారు 29 కిలోమీటర్లు, వెడల్పు 18 కిలోమీటర్లు. ఇస్సిక్ కుల్‌ను మినహాయిస్తే ఆ దేశంలో ఇంతకంటే పెద్ద సరస్సు లేదు. చుట్టూ చెట్టన్నది లేని పచ్చిక మైదానం, దాన్ని చుట్టి కొండల వరుసలు ఉంటాయి. కింది లోయల్లో మంచు కరగగానే కాపరి కుటుంబాలు గుర్రాలను, గొర్రెలను, ఆవులను తోలుకుని జైలూ అని పిలిచే ఆ వేసవి బీళ్లకు చేరుకుంటాయి. యుర్ట్‌లు, అంటే ఉన్నిని తడిపి ఒత్తి చేసిన మందపాటి పొరలను కర్ర చట్రం మీద కప్పిన గుండ్రని గుడారాలు, వేసుకుని సెప్టెంబరు దాకా అక్కడే ఉంటాయి. ఆ కుటుంబాల యుర్ట్‌లలో రాత్రులు గడుపుతూ, వారి గుర్రాల మీదనే కనుమలు దాటుతూ సరస్సును చేరుకునే ప్రయాణం గురించి ఈ సూచనలు. కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యవిద్య చదువుతున్న వేలాది భారతీయ విద్యార్థులలో తెలుగువారు చాలామంది ఉన్నారు కాబట్టి, వారికీ వారిని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఇది అందుబాటులో ఉన్న ప్రయాణమే.

ఒక మాట ముందే స్పష్టంగా చెప్పాలి. ఈ ప్రయాణాన్ని రెండు రోజుల్లోనో మూడు రోజుల్లోనో ముగించవచ్చని చాలామంది నిర్వాహకులు చెబుతారు, ముగించడం సాధ్యమే కూడా. అయినా నాలుగు రోజులు కేటాయించమనే నా సలహా. మనం వేసుకున్న ప్రణాళిక గుర్రం నడకకు లోబడి ఉండాలే గాని, గుర్రం మన ప్రణాళిక వెంట పరుగెత్తకూడదు. గుర్రం మామూలు నడకలో గంటకు ఆరు కిలోమీటర్లకు మించి పోదు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా నెమ్మదిస్తుంది, మధ్యాహ్నం దానికి మేత, నీరు, విశ్రాంతి కావాలి. కొత్తగా స్వారీ చేసేవారి తొడలు, మోకాళ్లు కూడా రోజుకు నాలుగైదు గంటలకు మించి ఓర్చుకోవు.

కాలం, దారి

జూన్ మూడో వారం నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా ఈ ప్రయాణానికి అనువైన కాలం. జూన్‌లో పచ్చిక, పూలు బాగుంటాయి గాని కనుమల మీద మంచు మిగిలి ఉండవచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో దారి తేలికగా ఉంటుంది, యుర్ట్‌లు నిండుగా ఉంటాయి. నాకైతే ఆగస్టు చివరి వారం అన్నిటికన్నా నచ్చుతుంది, ఎందుకంటే అప్పటికి రద్దీ తగ్గుతుంది, గుర్రాలు వేసవంతా మేసి బలంగా ఉంటాయి. ఏ నెలలో వెళ్లినా రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుందనీ, మధ్యాహ్నం దాటాక ఉరుములు, వడగళ్లు, ఒక్కోసారి మంచు కూడా పడవచ్చనీ అనుకునే బయలుదేరాలి.

దారులు చాలా ఉన్నా, మొదటిసారి వెళ్లేవారికి కిజార్ట్ గ్రామం వైపు నుంచి మొదలయ్యే దారి మంచిది. మొదటి రోజు కిజార్ట్ నుంచి కిలెంచె లోయలోని బీళ్ల దాకా వెళ్లి అక్కడ పడుకుంటారు. రెండో రోజు 3,200 మీటర్లు దాటిన కనుమ ఎక్కి, అవతలి వాలులో దిగుతూ సరస్సు ఒడ్డుకు చేరతారు. మూడో రోజు ఒడ్డునే ఉండిపోండి. గుర్రానికి సగం పూట సెలవిచ్చి, మిగతా సగం పూట తీరం వెంట నెమ్మదిగా తిరగండి. నాలుగో రోజు మరో కనుమ మీదుగా తిరిగి కిజార్ట్ వైపు దిగుతారు. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, 3,447 మీటర్ల ఎత్తున ఉన్న కల్మక్ అషూ కనుమ మీదుగా సరస్సు దాకా వచ్చే వాహనాల బాట వేసవిలో తెరిచే ఉంటుంది కనుక, కారు పిలిపించుకుని, ప్రయాణం ఏర్పాట్లు చేసుకునే దిగువ ఊరు కోచ్‌కోర్‌కు దిగిపోవచ్చు. ఈ ప్రత్యామ్నాయం ఉండటం వల్లనే ఈ దారిని కొత్తవారికి ధైర్యంగా సూచిస్తున్నాను.

రెండు నెలల ముందు నుంచి

గుర్రం మోస్తుంది కదా, మనకు శ్రమేముంటుందని అనుకోవద్దు. స్వారీలో తొడల లోపలి కండరాలు, నడుము, పొట్ట కండరాలు గంటల తరబడి పనిచేస్తూనే ఉంటాయి. రోజూ గుంజీళ్లు తీయండి, మెట్లు ఎక్కండి, తొడలను పక్కలకు సాగదీసే ఆసనాలు వేయండి. బద్ధకోణాసనం ఇందుకు చాలా పనికొస్తుంది. వీలైతే వారానికి రెండు పూటలు దగ్గరలోని స్వారీ శిక్షణ కేంద్రానికి వెళ్లి కనీసం పది పన్నెండు పాఠాలు నేర్చుకోండి. హైదరాబాదులో ఇలాంటి కేంద్రాలు ఉన్నాయి. అక్కడ నేర్చుకోవలసింది దౌడు కాదు. సొంతంగా ఎక్కడం, దిగడం, నడుస్తున్న గుర్రాన్ని ఆపడం, తిప్పడం, ట్రాట్‌లో, అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే ఆ ఎగుడుదిగుడు అడుగులో, జీను మీద నుంచి తూలకుండా ఉండటం వస్తే చాలు.

బరువు విషయం నిజాయితీగా చూసుకోవాలి. మనిషి, జీను, సంచులు కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని స్వారీ తెలిసినవారు పాటించే లెక్క. కిర్గిజ్ గుర్రాలు గట్టివే గాని పొట్టివి. నాలుగు వందల కిలోల గుర్రం మీద ఎనభై కిలోల భారం అంటే హద్దు దగ్గరికి వచ్చినట్టే. జీను, సంచులతో కలిపి మీ బరువు ఎనభై దాటేలా ఉంటే బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పి, పెద్ద గుర్రాన్ని ఇమ్మని, మీ సామాను మరో గుర్రం మీద పెట్టమని అడగండి. దీనికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చెప్పకపోతే ఆ బాధ నోరులేని జీవి వీపు మీద పుండై తేలుతుంది.

గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, అధిక రక్తపోటు, నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా నిర్ణయించుకోవద్దు. ఎత్తు ప్రదేశాలకు వాడే అసిటజోలమైడ్ మాత్ర అందరికీ సరిపడదు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రెండు అంశాలు చదవండి: గుర్రపు స్వారీలో అయిన గాయాలకు వర్తిస్తుందా, ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుంది. చాలా పాలసీలు ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని మినహాయిస్తాయి. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనకముందే కిర్గిజ్ ప్రభుత్వ ఈ-వీసా పోర్టల్‌లో సరిచూసుకోండి.

ఏం వేసుకోవాలి, ఏం మోయాలి

హెల్మెట్ మీ సొంతది తీసుకువెళ్లండి. అక్కడ ఇచ్చేవి తలకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. కొన్నిచోట్ల అసలు ఉండవు. కాపరులు టోపీతోనే తిరుగుతారు కనుక మీరు హెల్మెట్ పెట్టుకుంటే వింతగా చూస్తారేమోనని సంకోచించవద్దు, వారు నడక రాకముందే గుర్రమెక్కినవారు.

ప్యాంటు పొడవుగా, మెత్తగా, కాస్త సాగేదిగా, తొడల లోపలివైపు మందపాటి కుట్టు లేనిదిగా ఉండాలి. జీన్స్ ప్యాంటు మొదటి పూటలోనే తొడలను ఒరుస్తుంది. లోపల సైకిల్ తొక్కేవారు వేసుకునే మెత్త ఉన్న నిక్కరు వేసుకుంటే చాలా ఉపశమనం. బూట్లకు చిన్న మడమ ఉండాలి, అది పాదం రికాబులోంచి, అంటే జీనుకు వేలాడుతూ పాదం ఆనించుకునే కడియంలోంచి, ముందుకు జారిపోకుండా ఆపుతుంది. అడుగు మరీ వెడల్పుగా ఉండే బరువైన ట్రెకింగ్ బూట్లు రికాబులో ఇరుక్కుంటాయి. పడినప్పుడు పాదం రికాబులో చిక్కుకుని గుర్రం ఈడ్చుకుపోవడం ఈ ప్రయాణంలో జరగగల ప్రమాదాలన్నిటిలోకీ ఘోరమైనది. అందుచేత మీ బూటు రికాబులోకి వెళ్లాక రెండు పక్కలా కాస్త ఖాళీ మిగులుతుందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి.

పైన పొరలు పొరలుగా వేసుకోండి: ఒంటికి ఆనుకునే బనియను, ఉన్ని స్వెటరు, గాలిని ఆపే జాకెట్టు, వానకోటు. చేతులకు గ్లౌజులు, మెడకు మఫ్లరు, రాత్రికి మంకీ క్యాప్ ఉండాలి. ఎండ కూడా ఆ ఎత్తున తీవ్రంగా ఉంటుంది కనుక సన్‌స్క్రీన్, పెదవులకు రాసే బామ్, నల్ల కళ్లద్దాలు మరవవద్దు. సామాను ఏడెనిమిది కిలోలు మించనివ్వకండి. జీనుకు అటూ ఇటూ వేలాడే సంచుల్లో రెండు వైపులా బరువు సమంగా ఉండాలి, లేకపోతే జీను ఒక పక్కకు వాలి వీపును కోస్తుంది. చప్పుడు చేసే గిన్నెలు, రెపరెపలాడే కవర్లు బయట కట్టవద్దు. నుదుటికి కట్టుకునే లైటు, పవర్ బ్యాంకు, ఓఆర్ఎస్ పొట్లాలు, నొప్పి మాత్రలు, ఒరుసుకున్న చోట రాసే వాసెలిన్, నీటిని శుద్ధిచేసే బిళ్లలు ఉండాలి.

కోచ్‌కోర్‌లో కుదుర్చుకోవలసినవి

రాజధాని బిష్కెక్‌లోని పశ్చిమ బస్ స్టాండు నుంచి మర్ష్రుత్కా అనే వ్యానులో గాని, నలుగురు కలిసి మాట్లాడుకున్న ట్యాక్సీలో గాని మూడు నాలుగు గంటల్లో కోచ్‌కోర్ చేరవచ్చు. ఉన్నితో చేసే షిర్దక్ తివాచీలకు ఈ ఊరు పేరుపొందింది. ఆ చేతిపనిని 2012లో యునెస్కో అత్యవసరంగా కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. బిష్కెక్ ఎనిమిది వందల మీటర్ల ఎత్తున, కోచ్‌కోర్ పద్ధెనిమిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాయి గనుక, ఇక్కడ ఒక రాత్రి ఆగితే శరీరం ఎత్తుకు అలవాటు పడటం మొదలవుతుంది.

గుర్రాలను, గైడును, యుర్ట్‌లలో బసను ఏర్పాటు చేసే సంస్థలు ఊరి నడిమధ్యనే ఉన్నాయి. కమ్యూనిటీ బేస్డ్ టూరిజం అనే, అందరూ సీబీటీగా పిలిచే కుటుంబాల సంఘం స్విట్జర్లాండ్‌కు చెందిన హెల్వెటాస్ సంస్థ తోడ్పాటుతో మొదలై ఇప్పుడు దేశమంతా విస్తరించింది. ఎవరి ద్వారా వెళ్లినా ధర అడిగే ముందు ఈ విషయాలు అడగండి: గైడు ఏ భాష మాట్లాడతాడు, రోజుకు ఎన్ని గంటలు జీను మీద ఉంటాం, ప్రతి గుర్రం ఎంతమందిని మోసి వచ్చింది, మధ్యలో దానికి విశ్రాంతి దొరికిందా, గైడుకూ గైడు గుర్రానికీ తిండి ఖర్చు ధరలో కలిసిందా, వాన పడి ఒకరోజు ఆగితే లెక్క ఏమిటి. జవాబులు కాగితం మీద రాయించుకోండి. బీళ్లలో ఏటీఎంలు ఉండవు కాబట్టి అక్కడి కరెన్సీ అయిన సోమ్‌లలో చిన్న నోట్లు కోచ్‌కోర్‌లోనే తీసుకోండి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. దారి మ్యాపును ముందే ఫోనులోకి దించుకుని, ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లోవారికి రాసి పంపండి.

మీరు మాంసం తినకపోతే ఆ సంగతి ఇక్కడే, ముందే, స్పష్టంగా చెప్పాలి. యుర్ట్‌కు చేరాక చెబితే ఆ ఇల్లాలి దగ్గర వండటానికి బంగాళాదుంపలు, క్యారెట్లు కూడా ఉండకపోవచ్చు.

మొదటి ఉదయం: గుర్రంతో పరిచయం

గుర్రం దగ్గరికి వెనకనుంచి ఎప్పుడూ వెళ్లకండి. దానికి కనబడేలా, ఎడమ భుజం వైపు నుంచి, మామూలు గొంతుతో మాట్లాడుతూ నడవండి. చెవులు ముందుకో మీవైపుకో తిరిగితే పరవాలేదు. చెవులు వెనక్కి అణిచి తల ఆడిస్తే ఒక అడుగు వెనక్కి వేసి గైడును పిలవండి.

జీను వేయకముందు వీపును చూపించమని అడగండి. అరచేతిని మూపు నుంచి నడుము దాకా కాస్త ఒత్తుతూ జరపండి. ఎక్కడైనా చర్మం ముడుచుకున్నా, వెంట్రుకలు రాలి పచ్చిగా ఉన్నా, గుర్రం వీపును కిందికి దించేసినా ఆ గుర్రాన్ని తీసుకోవద్దు. నాలుగు గిట్టలకూ నాడాలు కదలకుండా ఉన్నాయో లేదో, నాలుగు రోజుల రాతిదారికి అవి నిలుస్తాయో లేదో గైడును అడగండి. ఇలా అడిగితే గైడు నొచ్చుకుంటాడని అనుకోనక్కరలేదు. గుర్రాన్ని పట్టించుకునే మనిషికి గుర్రాల వాళ్లు ఎక్కువ గౌరవమిస్తారు.

పొట్ట కింద బిగించే పట్టీని మీరే ఒకసారి పరీక్షించాలి. పట్టీ బిగిస్తుంటే చాలా గుర్రాలు ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బిస్తాయి. ఆ క్షణంలో బిగుతుగా కనబడిన పట్టీ పది నిమిషాలు నడిచేసరికి వదులైపోతుంది. అందుకని అనుభవమున్న గైడు మొదట సగం బిగించి, గుర్రాన్ని నాలుగు అడుగులు నడిపించి, అది ఊపిరి వదలగానే మిగతా సగం బిగిస్తాడు. ఎక్కేముందు పట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. పావుగంట నడిచాక ఆగి మళ్లీ చూడండి. కొత్తవారు జీనుతో సహా పక్కకు తిరిగి పడిపోవడం ఎక్కువగా ఈ పావుగంటలోనే జరుగుతుంది.

రికాబు పొడవు కొలవడానికి సులువైన పద్ధతి ఉంది. వేళ్లకొనలు జీనుకు రికాబు తోలు కట్టిన చోట పెట్టి, రికాబును చేయి వెంట మీ చంక దాకా సాగదీయండి; అది చంకకు తగిలితే పొడవు దాదాపు సరిపోయినట్టే. ఎక్కాక మోకాళ్లు నొప్పి పుడితే రికాబులు పొట్టిగా ఉన్నట్టు, వేళ్ల మీద నిక్కవలసివస్తే పొడవుగా ఉన్నట్టు. మొహమాటపడకుండా ఆగి సరిచేయించుకోండి.

ఎక్కేటప్పుడు గుర్రం ఎడమవైపున నిలబడి, ఎడమచేత్తో పగ్గాలతో పాటు జూలు గుప్పెడు పట్టుకుని, ఎడమపాదం రికాబులో పెట్టి, కుడికాలు గుర్రం నడుముకు తగలకుండా ఎత్తి అవతలికి వేయండి. జీను మీద ధబాలున కూలబడకుండా మెల్లగా కూర్చోండి. నేల వాలుగా ఉంటే గుర్రాన్ని మీరు ఎగువన ఉండేటట్టు తిప్పుకుని ఎక్కాలి. పాదంలో వేళ్ల వెనకటి మెత్త మాత్రమే రికాబు మీద ఆనాలి, మడమ కిందికి ఉండాలి.

జీను మీద

కిర్గిజ్ గుర్రాలకు పగ్గాలు ఒక చేత్తో పట్టడం అలవాటు. చేతిని కుడికి జరిపితే ఎడమ పగ్గం మెడకు ఆనుతుంది, గుర్రం కుడికి తిరుగుతుంది. నోరు లాగవలసిన పని లేదు. కదలడానికి "చూ" అంటారు, దానితోపాటు మడమలతో మెల్లగా తాకితే చాలు. ఆపడానికి వెనక్కి కూర్చుని పగ్గాలు దగ్గరకు తీసి, గుర్రం ఆగగానే వదులు చేయాలి. పగ్గాలను చేతికి చుట్టుకోవద్దు, ముడివేసుకోవద్దు. గైడు మీ చేతికి కమ్చీ అనే కొరడా ఇవ్వవచ్చు. దాన్ని పట్టుకున్నంత మాత్రాన గుర్రానికి తెలుస్తుంది, వాడే అవసరం సాధారణంగా రాదు.

ఎత్తు ఎక్కుతున్నప్పుడు నడుము నుంచి ముందుకు వంగి, జూలు పట్టుకుని, పిరుదుల బరువు జీను మీద నుంచి కాస్త తేల్చండి. గుర్రం వెనక కాళ్లతో తోసుకుంటూ ఎక్కుతుంది కాబట్టి దాని నడుము మీద భారం తగ్గాలి. అది ఊపిరి కోసం ఆగితే ఆగనివ్వండి. పక్కటెముకల కదలిక నెమ్మదించాక తనే కదులుతుంది. దిగేటప్పుడు నిటారుగా కూర్చుని, పాదాలు కొంచెం ముందుకు చాపి, పగ్గాలు వదులుగా ఉంచితే గుర్రం తల దించి అడుగు పెట్టే చోటు చూసుకోగలుగుతుంది. వాలు మరీ నిట్టనిలువుగా ఉంటే, ముఖ్యంగా తడి గడ్డి మీద, దిగి పక్కన నడవండి. గుర్రానికి నేరుగా కిందివైపు నిలబడవద్దు, జారితే మీ మీదికే వస్తుంది. కనుమ అవతలి దిగుడులో నేనైతే గైడు చెప్పినా చెప్పకపోయినా దిగి నడవమనే అంటాను. మీ మోకాళ్లకూ, గుర్రం ముందుకాళ్లకూ ఆ అరగంట ఎంతో మేలు చేస్తుంది.

వాగు దాటేటప్పుడు గైడు గుర్రం వెనకే వెళ్లండి. నీళ్లలోకి అడుగుపెట్టే ముందు గుర్రం తల దించి వాసన చూస్తుంది, చెవులు ముందుకు పెట్టి లోతు అంచనా వేసుకుంటుంది. ఆ రెండు మూడు క్షణాలు దానికివ్వండి. తర్వాత చూపు ప్రవాహం మీద కాకుండా అవతలి ఒడ్డు మీద నిలపండి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. రికాబుల్లో పాదాలు వేళ్లకొసల మీదికి తెచ్చుకోండి. నడిమధ్య గుర్రం ఆగి ముందుకాలితో నీళ్లను కొడుతుంటే పడుకుని పొర్లే ఉద్దేశం ఉందని అర్థం, వెంటనే "చూ" అంటూ ముందుకు నడిపించాలి. ఎగువన మంచు కరిగే కొద్దీ వాగు మధ్యాహ్నానికి పెరుగుతుంది కనుక పెద్ద వాగులను ఉదయం పూటే దాటేలా బయలుదేరాలి.

గుర్రానికీ గుర్రానికీ మధ్య ఒక గుర్రం పొడవంత ఎడం ఉంచండి. బీళ్లలో వదిలిన మందల్లో పిల్లతల్లులు, వాటిని కాచే మగగుర్రం ఉంటాయి, వాటికి దూరంగా చుట్టి వెళ్లాలి. సాయంత్రం యుర్ట్‌లు కనబడగానే గుర్రం వేగం పెంచాలని చూస్తుంది. అక్కడ దౌడు తీయనిస్తే మరునాటి నుంచి ప్రతి మలుపులోనూ లాగుతుంది, అందుచేత చివరి కిలోమీటరు తప్పకుండా నడకలోనే సాగాలి. గుర్రం మీద ఉండగా జాకెట్టు తొడుక్కోవడం, వానకోటు విప్పి దులపడం మానుకోండి. వీపు మీద రెపరెపలాడే గుడ్డకు ఎంత సాధువైన గుర్రమైనా బెదురుతుంది. ఆపి, దిగి, వేసుకుని, మళ్లీ ఎక్కండి. ఉరుములు మొదలైతే శిఖరరేఖ మీద ఉండకుండా కిందికి దిగి, గుర్రం దిగి, ఉరుములు దాటిపోయేవరకు ఆగండి.

ప్రతి గంటకూ పది నిమిషాలు దిగి నడవడం మంచి అలవాటు. మధ్యాహ్నం ఆగినప్పుడు పొట్ట పట్టీ వదులు చేసి, కళ్లెం తీసి మేతకు వదలమని గైడుకు గుర్తుచేయండి. రాత్రిళ్లు గుర్రాలు దూరం పోకుండా కాళ్లకు బందం వేసి మేతకు వదులుతారు. జీను దించాక వీపు మీద చెమట ఆరేదాకా దగ్గరుండి, ఉదయం చేసినట్టే మళ్లీ అరచేతితో తడిమి చూడండి.

ఎత్తు, చలి, ఆతిథ్యం

సరస్సు ఒడ్డున మొదటి రాత్రి తలనొప్పి, ఆకలి మందగించడం, నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. నీళ్లు బాగా తాగండి, మద్యం ముట్టవద్దు. తలనొప్పి మాత్రకు కూడా తగ్గకుండా వాంతులు అవుతున్నా, అడుగు తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా కారు పిలిపించి కిందికి దిగిపోవాలి. దీనికి కిందికి దిగడమే అసలైన మందు.

యుర్ట్‌ను సమీపిస్తున్నప్పుడు కాపలా కుక్కలు ఎదురొస్తాయి. దూరం నుంచే కేకవేసి, ఇంటివారు బయటికి వచ్చేదాకా గుర్రం దిగవద్దు. లోపలికి వెళ్లేటప్పుడు బూట్లు విప్పి, గడపను తొక్కకుండా దాటండి. గుమ్మానికి ఎదురుగా ఉన్న చోటు పెద్దలకూ అతిథులకూ కేటాయించినది, వారు చూపిస్తేనే అక్కడ కూర్చోండి. తల ఎత్తితే పైన పొగ పోయే గుండ్రని చట్రం కనిపిస్తుంది; కిర్గిజ్ జెండా మీద ఉన్నది ఆ తుందుక్ ఆకారమే. చెట్లు లేని చోటు కాబట్టి పొయ్యిలోకి ఎండిన పిడకలే వాడతారు. అర్ధరాత్రి దాటాక పొయ్యి ఆరిపోతుంది, కనుక వారిచ్చిన మందపాటి పరుపులు, రజాయిలతో పాటు మీ స్వెటరు కూడా వేసుకునే పడుకోండి. మరుగుదొడ్డి బయట, కొంచెం దూరంగా ఉంటుంది.

రొట్టె, మీగడ, జామ్, నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు, గిన్నెల్లో పోసే టీ ప్రతి పూటా ఉంటాయి. టీ సగం గిన్నే పోస్తారు. మళ్లీ మళ్లీ వేడిగా పోయడం వారి మర్యాద. రొట్టెను బోర్లా పెట్టకూడదు, నేలమీద పడేయకూడదు. మన వెంట తెచ్చుకున్న కందిపొడి, ఊరగాయ ఈ భోజనానికి బాగా తోడవుతాయి, కొంచెం ఇంటివారికీ వడ్డించండి. భోజనం ముగియగానే అందరూ రెండు చేతులు ముఖం మీదుగా దించి "ఓమిన్" అంటారు. ఆ తర్వాత ఇక తినరు.

కుమిస్ అంటే పులియబెట్టిన ఆడగుర్రం పాలు. బాగా పులిసిన మజ్జిగలా ఉండి, నాలుకకు చురుక్కుమని, కొద్దిగా మత్తు గుణం కూడా కలిగి ఉంటుంది. పగటిపూట గుర్రపుపిల్లలను నేలకు గుంజలతో బిగించిన పొడవాటి తాడుకు వరుసగా కట్టి ఉంచుతారు, తల్లులు వాటిని వదిలి దూరం పోలేక చుట్టుపక్కలే మేస్తాయి. రెండు గంటలకోసారి ఇల్లాలు బాల్చీతో వస్తుంది. పిల్లను ఒక్క క్షణం పాలకు వదిలి, పాలు దిగగానే పక్కకు లాగి, ఒక మోకాలు నేల మీద ఆనించి, తల్లి వెనకకాలి చుట్టూ ఒక చేయి పోనిచ్చి పితుకుతుంది. ఒక్కోసారికి దొరికే పాలు కొద్దే. మొదటిసారి కుమిస్ రెండు గుక్కలకు మించి తాగకండి, అలవాటు లేని పొట్టకు అది పడకపోవచ్చు.

సోంగ్ కుల్ 2011 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, ఉంది. ఒడ్డు వెంట నేలమీద గూళ్లు కట్టుకునే పక్షులు ఉంటాయి కాబట్టి తీరంలో గుర్రాన్ని దౌడు తీయించవద్దు. సబ్బు, షాంపూ సరస్సులో వాడవద్దు. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు అక్కడ ఏరి తీసుకుపోయేవారు ఎవరూ ఉండరు, ఖాళీ సంచి ఒకటి దగ్గర ఉంచుకుని మీ చెత్తను కోచ్‌కోర్ దాకా మోయండి.

దిగివచ్చాక

కిజార్ట్‌లో దిగగానే గైడు జీను దించుతుండగా దగ్గర నిలబడి, వీపు మీద కొత్తగా ఒరుపులు ఏవైనా కనబడితే వాటిని అతనికి చూపించండి. మీ తర్వాత ఆ గుర్రమెక్కే మనిషి బహుశా మరునాడే వస్తాడు. గైడుకు ఇవ్వదలచుకున్నది సంస్థ ద్వారా కాకుండా అతని చేతికే ఇవ్వండి. మొదటి రెండు రోజులు తొడలు బిగుసుకుపోతాయి, వేడినీళ్ల స్నానం, నెమ్మదైన నడక వాటికి మంచివి. కోచ్‌కోర్‌లో ఒక రాత్రి ఆగి, బిష్కెక్ నుంచి విమానం ఆ మరుసటి రోజు సాయంత్రానికో, ఇంకా ఒక రోజు తర్వాతకో పెట్టుకోండి. కొండల మీద వాన పడి ప్రయాణం ఒక పూట వెనకబడినా, టికెట్ కోసం గుర్రాన్ని తొందరపెట్టే అవసరం అప్పుడు రాదు.